నోటితో అడిగితేనే తాడు

పెంటపాడు వెంకట్రాజు తాతయ్య ఇరవై రెండేళ్ళుగా బురదలో ఇరుక్కోలేదు. జీపు ఇరుక్కుంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు, ఇరుసుల దాకా, ఒక్కోసారి సీటు దాకా ఇరుక్కుంది. తాతయ్య మాత్రం ఇరుక్కోలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా అర్థం కావాలంటే గూడెం జీపుల సంఘం సంగతి తెలియాలి.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక ఒక టిఫిన్ హోటలు ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడికి పదిమంది పెద్దమనుషులు పాత జీపులేసుకుని వస్తారు. రోడ్డు బాగున్నచోట జీపు నడపడం వీళ్ళకి నామోషీ. కొల్లేరు పక్కన చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువులుంటాయి. పైకి చూస్తే అప్పడంలా బీటలు వారి ఉంటుంది, కాలు పెడితే కింద పాయసం. అలాంటి చెరువులో జీపు దింపి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేర్చడమే వీళ్ళ సరదా. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఈ సరదాకి వేరే పేరు పెట్టారు గానీ అది ఇక్కడ రాస్తే బాగోదు.

సంఘానికి కార్యదర్శి జగన్నాథం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక పొడుగు నోటుపుస్తకం ఉంటుంది. దాని మొదటి పేజీలో ఒకే ఒక్క నియమం: "నోటితో అడిగితేనే తాడు." సంఘం పెట్టిన కొత్తలో ఒకాయన చెరువు మధ్యలో జీపు ఆపి, తుప్పల చాటుకి ఒంటేలుకి వెళ్ళాడట. ఇరుక్కుపోయాడనుకుని మిగతావాళ్ళు జాలిపడి, ట్రాక్టరుకి తాడు కట్టి జీపును అర కిలోమీటరు లాక్కుపోయారు. పాపం ఆయన పని ముగించుకుని వచ్చి చూస్తే జీపు లేదు. మరుసటి ఆదివారం నుంచి సంఘంలో ఆయనా లేడు. అప్పటి నుంచీ, "ఇరుక్కున్నాను, లాగండి" అని మనిషి తన నోటితో తాను అనేదాకా ఎవరూ తాడు పట్టుకుని దగ్గరికి వెళ్ళకూడదు. ఇరుక్కున్నారా అని అడగకూడదు. జాలిగా చూడనూ కూడదు. ఒక్కసారి కూడా ఆ మాట అననివాళ్ళలో అందరికన్నా పెద్దాయన జీపే సంఘంలో ముందు బండి. చెరువులోకి ముందు దిగేది, ఎవరూ తొక్కని బురద తొక్కేది అదే. మిగతావాళ్ళు దాని జాడలో నడుస్తారు.

ఆ ముందు బండి ఇరవై రెండేళ్ళుగా తాతయ్యది. మిలిటరీ వేలంలో కొన్న పెట్రోలు జీపు. చక్రాలు మునిగి, ఇంజను ఆగి, బురద బానెట్టు మీదికి ఎక్కినా తాతయ్య కండువా దులుపుకుని సీట్లో తాపీగా కూర్చునేవాడు. గట్టుమీంచి ఎవరైనా కేకేస్తే ఒకటే జవాబు.

"ఏం చేస్తున్నారండీ?"

"చెరువు చూస్తున్నానండీ."

"ఆయ్, చూడండి, చూడండి."

ఒకసారి పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా చూశాడు. చూడ్డానికి చెరువులో ఒక కొంగ ఉంది. అది కూడా పన్నెండింటికి విసుగుపుట్టి వెళ్ళిపోయింది.

మరి బయటికి ఎలా వచ్చేవాడంటారా? దానికి ముదినేపల్లి వీర్రాజు ఉన్నాడు. సంఘంలో మనిషే, చెరువుల యజమాని, జీపుతోపాటు మంచి ట్రాక్టరు ఉన్నవాడు, అంతకన్నా మంచి మర్యాద ఉన్నవాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక ట్రాక్టరు మీద మెల్లిగా వచ్చి, "రాజుగారూ, తాడు కాస్త తడిసిందండీ. మీ బంపరు మీద ఆరబెట్టుకోవచ్చాండీ?" అనేవాడు. "దానికేం భాగ్యం, ఆరబెట్టుకోండి," అనేవాడు తాతయ్య. తాడు ఒక కొస బంపరు మీద ఆరేది, రెండో కొస ట్రాక్టరు మీద ఆరేది. ఇంతలో వీర్రాజుకి ఏదో పని గుర్తొచ్చి ట్రాక్టరు కదిలించేవాడు. తాడుతోపాటు జీపు కూడా వచ్చేసేది. ఇందులో అడిగిందెవరు, లాగిందెవరు? మాస్టారి పుస్తకంలో మాత్రం "వెంకట్రాజు గారు క్షేమంగా దాటారు" అని ఉండేది.

ఇంత చల్లగా సాగుతున్న సంసారంలోకి పోయిన ఏడాది మృదుల గారు వచ్చింది.

ఆవిడ ఏలూరులో ఫిజిక్సు లెక్చరరు. ఒక ఆదివారం టిఫిన్ హోటలు ముందు జీపు ఆపి దిగింది. ఆపిన సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే వచ్చిన చప్పుడే లేదు. తలెత్తి చూసేసరికి జీపు ఉంది, ఆవిడ ఉంది, "ఇక్కడ కూర్చోవచ్చాండీ?" అంటోంది. పెసరట్టు సగంలో వదిలేసి అందరూ జీపు చుట్టూ చేరారు. తాతయ్య బానెట్టు ఎత్తించి లోపలికి చూశాడు.

"ఇంజనేదమ్మా?"

"తీసేశానండీ. మా నాన్నగారి జీపు ఇది. మోటారూ బ్యాటరీలూ పెట్టించాను."

"అయ్యయ్యో," అన్నాడు తాతయ్య. పరామర్శకి వెళ్ళినప్పుడు పెట్టే మొహం పెట్టి, "ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగాడు.

"ఆర్నెల్లయిందండీ. హాయిగా ఉంది."

ఆ రోజు పెసరట్లు చల్లారిపోయాయి గానీ వాదన చల్లారలేదు. మాస్టారు పుస్తకం తెరిచి పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు పెట్రోలు, ఒకవైపు కరెంటు అని రాసుకున్నాడు.

"చెరువులో దిగితే షాకు కొట్టదా?" అన్నాడు వీర్రాజు.

"మీ బోరు మోటారు పగలూ రాత్రీ నీళ్ళల్లోనే ఉంటుంది కదండీ. ఆ నీళ్ళు తాగితే ఎప్పుడైనా షాకు కొట్టిందా?"

మాస్టారు కరెంటు వైపు ఒక గీటు పెట్టాడు.

"చార్జింగు అయిపోతేనో?" అన్నాడు తాతయ్య. "నాకు పెట్రోలు అయిపోతే డబ్బాతో తెప్పించుకుంటాను. తమరు కరెంటు డబ్బాలో తెప్పించుకుంటారా?"

అందరూ నవ్వారు. పెట్రోలు వైపు ఒక గీటు పడింది.

"కొల్లేరులో ప్రతి గట్టుమీదా కరెంటు స్తంభం ఉందండీ, రొయ్యల చెరువులకి గాలికొట్టే ఏరియేటర్ల కోసం," అంది మృదుల గారు. "పెట్రోలు బంకు ఏ గట్టుమీదుందో చెప్పండి."

ఇంకో గీటు. తాతయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇవన్నీ కాదమ్మా. బురదలో నడపాలంటే చెవులుండాలి. నా ఇంజను గుర్రుమందా, మోకాలి లోతు. మూలిగిందా, తొడ లోతు. దగ్గిందా, అక్కడ ఊబి ఉందని అర్థం. తమరి బండికి నోరే లేదు. అది మునిగిపోతూ కూడా చెప్పదు."

"మరి మీ ఇంజను దగ్గడం కూడా ఆపేస్తేనోనండీ?"

సంఘంలో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

"అప్పుడు చెరువు చూస్తానమ్మా," అన్నాడు తాతయ్య గంభీరంగా.

"అలాగాండీ? మంచి అలవాటండీ," అంది ఆవిడ. నిజంగా అందో, పైకి అందో ఇప్పటికీ తేలలేదు.

ఇంజను లేనిది జీపెలా అవుతుందని కొందరు, నాలుగు చక్రాలకీ బలం ఉంటే ఏదైనా జీపేనని కొందరు. చివరికి మాస్టారు తీర్పు చెప్పాడు. మే నెలాఖరున వీర్రాజు గారి నలభై ఎకరాల చెరువు ఎండబెడతారు. పెట్రోలు జీపు, కరెంటు జీపు పక్కపక్కన దిగాలి. తాడు అడగకుండా దాటినవారిది ముందు బండి. ఇద్దరూ దాటితే ముందు చేరినవారిది.

తాతయ్య ఆ పూట ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. ముందు బండి పోతే ఆయనకింక మిగిలేది వెనక బండి. పదిమంది తొక్కిన జాడలో, ముందువాడు చిమ్మిన బురద మొహాన పడుతుంటే నడపాలి.

"కరెంటుతో బండేవిటి, చోద్యం కాకపోతే!" అన్నాడు సత్యవతి మామ్మతో.

"అవునండీ," అంది మామ్మ మజ్జిగ పోస్తూ. "చేలో ఆయిలింజను పీకేసి కరెంటు మోటారు పెట్టినప్పుడు మీ నాన్నగారు కూడా ఈ మాటే అన్నారు. నెలరోజులు మీతో మాట్లాడలేదు."

"అది వేరు."

"ఆయనా వేరనే అన్నారు. ఏవండీ, ఒక మాట చెప్తాను వింటారా? ఎక్కడైనా ఆగిపోతే ఊరికే ఎండలో కూర్చోకండి. నోరు తెరిచి అడగండి. పోయినసారి చెరువు చూసొచ్చారు, వారం రోజులు నడుము పట్టేసింది."

"నేను ఆగను," అన్నాడు తాతయ్య. మజ్జిగ మాత్రం రెండోసారి పోయించుకున్నాడు.

మే నెలాఖరు రానే వచ్చింది. వీర్రాజు గట్టుమీద టెంటు వేయించి, ఒక్క మాట ముందే చెప్పాడు. "మధ్యాహ్నం మూడింటికి పక్క చెరువువాళ్ళు మోటార్లేసి వాళ్ళ నీళ్ళు ఇందులోకి తోడతారండీ. మనం పన్నెండుకల్లా తేల్చేసుకుంటాం కదా, ఇబ్బంది లేదు." ట్రాక్టరు లేదు. మేత బస్తాలేసుకుని కైకలూరు వెళ్ళింది. దాని అవసరం ఉంటుందని ఎవరూ అనలేదు. అంటే తాతయ్యని అన్నట్టే.

పదిన్నరకి రెండు జీపులూ గట్టు దిగి పక్కపక్కన నిలబడ్డాయి. తాతయ్య ఇంజను గుడగుడలాడుతోంది, పొగ టెంటు దాకా వెళుతోంది. ఆడమనిషి, పైగా కొత్త. ఆవిడ బండి సిద్ధం కాకుండా తను కదిలితే మర్యాద కాదని తాతయ్య ఆగాడు.

"కానివ్వండమ్మా, స్టార్టు చేసుకోండి."

"చేశానండీ."

"పరవాలేదమ్మా, నిదానంగానే చేసుకోండి."

"చేశానండీ, ఎప్పుడో!"

"తొందరేం లేదు," అని తాతయ్య కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేసరికి పక్కన జీపు లేదు. యాభై గజాల ముందు చప్పుడు చేయకుండా పోతోంది, పిల్లి వంటింట్లోకి పోయినట్టు. తాతయ్య "ఓరి నాయనో!" అని గేరు వేశాడు.

అందుకున్నాడు కూడా. ఇంజను గుర్రుమంది, మోకాలి లోతు. తాతయ్య చిరునవ్వు నవ్వాడు. మూలిగింది, తొడ లోతు. కుడికి తిప్పాడు. మృదుల గారిని దాటేశాడు. గట్టుమీద అందరూ కండువాలు ఊపారు. సరిగ్గా అప్పుడే ఇంజను దగ్గింది. దగ్గుతూ దగ్గుతూ ఒక్క పెద్ద తుమ్ము తుమ్మి ఊరుకుంది. జీపు మర్యాదగా, మనిషి నేలమీద చతికిలబడ్డట్టు, బురదలో కూర్చుంది.

మృదుల గారు అప్పుడే తేలిగ్గా గెలిచెయ్యొచ్చు. అవతలి గట్టు ఇంకో రెండొందల గజాలే. కానీ ఆవిడ పదిబారల దూరంలో గట్టినేల చూసుకుని బండి ఆపేసింది.

"ఏవండీ, ఆగారే?"

"చెరువు చూస్తున్నానమ్మా."

"అయితే నేనూ చూస్తానండీ. పెద్దవారు ఆగితే దాటుకుని పోతే ఏం బాగుంటుంది?" అని ఆవిడ గొడుగు తీసుకుని బానెట్టెక్కి కూర్చుంది.

తాతయ్య లెక్క వేసుకున్నాడు. వెళ్ళండమ్మా అంటే ముందు బండి ఆవిడకిచ్చినట్టు. ఉండండమ్మా అంటే ఆవిడ ముందు కూర్చుని చెరువు చూడాలి. ఇద్దరూ చూశారు. పదకొండయింది, పన్నెండయింది. మృదుల గారు చెరువు గురించి ప్రశ్నలడిగింది. అదేం పక్షండీ, ఈ మట్టి నల్లగా ఎందుకుందండీ. తాతయ్య అన్నిటికీ జవాబు చెప్పాడు. ఎండకి ఆయన బట్టతల టమాటాపండులా అయింది. గట్టుమీద మాస్టారు గడియారం చూసి "ఇద్దరూ చెరువు చూస్తున్నారు" అని రాసి, అందరితోపాటు పులిహోర తిన్నాడు.

మూడింటికి పక్క చెరువు మోటార్లు మొదలయ్యాయి. రెండు లావుపాటి గొట్టాల్లోంచి నీళ్ళు ధబధబా పడ్డాయి.

"మోటార్లు ఆపించరాదటండీ?" అన్నాడు గట్టుమీద ఒకాయన వీర్రాజుతో.

"నేనాపిస్తే రాజుగారు ఇరుక్కున్నారని నేనన్నట్టవదాండీ?" అన్నాడు వీర్రాజు, చెమట తుడుచుకుంటూ. "ఇరవై రెండేళ్ళ మర్యాద. నా నోటితో ఎలా అనను?"

నీళ్ళు సన్నగా బీటల్లోకి పాకి, తాతయ్య జీపు కింద చేరాయి. పది నిమిషాల్లో జీపులో కాళ్ళ కింది పట్టా తడిసింది. కరెంటు జీపు ఎదురుగా కూర్చుంది, కరెంటు మోటార్లు వెనక నుంచి నీళ్ళు తరుముతున్నాయి. తాతయ్య చెరువు చూడ్డం మానేసి నీళ్ళు చూడ్డం మొదలుపెట్టాడు. తోవ వెతికాడు.

"అమ్మా, మృదుల గారూ! తమరి తాడు తడిసినట్టుందే?"

"లేదండీ, కొత్త తాడండీ. పొడిగానే ఉంది."

"కొత్తదైతే మరీ మంచిది. ఒకసారి ఎండలో ఆరబెడితే గట్టిపడుతుంది. నా బంపరు ఖాళీగానే ఉంది."

"అది నైలాను తాడండీ. ఎండ తగిలితే పాడవుతుంది."

"పోనీ, పొడుగెంతుందో కొలుచుకుంటారా? ఆ కొస ఇటు పడేయండి, నేను పట్టుకుంటాను."

"ఇరవై మీటర్లండీ. ప్యాకెట్టు మీదే రాసుంది."

తాతయ్య మనసులో నైలాను తాడు కనిపెట్టినవాణ్ణీ, ప్యాకెట్టు మీద రాసినవాణ్ణీ తిట్టుకున్నాడు. నీళ్ళు సీటు కిందకి వచ్చాయి. ఆవిడ గొడుగు కింద నుంచి మామూలుగా చూస్తోంది. గట్టుమీద అందరూ ఎటో చూస్తున్నట్టు నటిస్తున్నారు. జాలిగా చూడకూడదు కదా మరి.

ఇంకో అరగంట నోరు మూసుకుంటే ముందు బండన్న పేరు మిగులుతుంది. ఆ పేరుకి బండే ఉండదు.

"అమ్మా," అన్నాడు తాతయ్య.

"చెప్పండి."

"ఏం లేదు." కాసేపాగి, "అమ్మా," అన్నాడు మళ్ళీ. ఇరవై రెండేళ్ళు వాడని మాట. గొంతులో తుప్పు పట్టి ఉంది. "ఇరు..." అని ఆగాడు. ఒక చెప్పు తేలి పోతుంటే వంగి పట్టుకున్నాడు. చెప్పు చేత్తో పట్టుకునే, "ఇరుక్కున్నానమ్మా. లాగండి," అన్నాడు.

"అంతేనాండీ? దానికేముంది," అంది ఆవిడ. గొడుగు మూసి బురదలోకి దూకి తాడు కట్టేసింది. తర్వాత జరిగిందాన్ని తాతయ్య ఒక విడ్డూరంలా ఇప్పటికీ చెబుతాడు. ట్రాక్టరు లాగితే జీపు ఎగిరి నడుం విరిగేది. ఇది మాత్రం చంటిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు, చక్రాలు జారకుండా, నీళ్ళు చిమ్మకుండా, అరచేతి మీద పెట్టుకున్నట్టు తీసుకొచ్చి అవతలి గట్టెక్కించింది.

అందరూ చెరువు చుట్టూ తిరిగి అక్కడికి పరుగెత్తుకొచ్చారు. మాస్టారు పుస్తకం తెరిచాడు. తాడు ఇంకా రెండు జీపులకీ కట్టే ఉంది. మాస్టారు దాన్ని చూడనట్టు ఆకాశం వైపు చూశాడు.

"మృదుల గారూ, తాడు ఆరబెట్టుకుంటున్నారా అండీ?" అన్నాడు మెల్లిగా, చెప్పవలసిన జవాబు కూడా ప్రశ్నలోనే అందిస్తూ. ఆవిడ తాతయ్య వైపు చూసింది. నోరు తెరిచింది కూడా.

"కాదండీ మాస్టారూ," అన్నాడు తాతయ్య అడ్డొచ్చి. "అడిగాను. నోటితో అడిగాను. పుస్తకంలో రాసుకోండి."

"పోనిద్దురూ, గాలికి మాకేం వినబడలేదు," అన్నాడు వీర్రాజు.

"నాకు వినబడిందయ్యా! ఇరుక్కున్నాను, లాగండి అన్నాను. ముందు బండి ఆవిడది. రాయండి."

మాస్టారు కలం తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆ మాట ఆ పుస్తకంలో ఇదివరకెన్నడూ రాయలేదాయె. మెల్లిగా రాసి, కింద గీత కూడా గీశాడు. అప్పుడు వీర్రాజు చేతులు నలుపుకుంటూ, "అయితే మాస్టారూ, రెండేళ్ళ కిందట అల్లిచెరువులో నేను ఆగింది టైరుగాలి చూసుకోవడానికి కాదండీ," అన్నాడు. ఇంకొకాయన, "నేనూ ఫోను మాట్లాడ్డానికి కాదు," అన్నాడు. మాస్టారు అందరివీ రాసుకుని, పేజీ అడుగున తన పేరు కూడా చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. అలా సంఘంలో ఇరుక్కోని మనిషి ఒక్కడూ మిగల్లేదు, మృదుల గారు తప్ప.

పెట్రోలు గొప్పా కరెంటు గొప్పా అన్న వాదన మాత్రం తెగలేదు. మాస్టారి గీటు పేజీలు పదహారు దాటాయి. తాతయ్య ఇంజను తీయించలేదు. మామ్మ అడిగితే, "నా చెవులకి ఏదో ఒకటి వినబడాలి కదా," అంటాడు.

జూన్ మొదటి ఆదివారం కైకలూరు దగ్గర ఇంకో చెరువు. ముందు మృదుల గారి బండి, దాని వెనక తాతయ్యది. ఆవిడ ఎడమ వైపు దిగబోతోంది. తాతయ్య సీట్లోంచి లేచి, "అమ్మా, అటు కాదు! ఎడమన ఊబి, కుడి నుంచి పోండి!" అని అరిచాడు. ఏ చెరువులో ఊబి ఎక్కడుందో ఇరవై రెండేళ్ళలో ఆయన ఎవరికీ చెప్పలేదు. కన్నతమ్ముడు అడిగినా చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే ఆవిడకి వినబడటం లేదు, మధ్యలో ఈయన ఇంజను మోత.

తాతయ్య విసుక్కుని తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"కుడి నుంచి పోండమ్మా! కుడి!"

ఇప్పుడు వినబడింది. ఆవిడ చెయ్యి ఊపి కుడికి తిప్పింది. బండి గట్టి బురద మీద నుంచి హాయిగా పోయింది. తాతయ్య తృప్తిగా కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను కుయ్యిమంది, కయ్యిమంది, ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి కుయ్యి కూడా అనలేదు.

వెనక బండ్లవాళ్ళు మర్యాదగా ఎవరి జీపులో వాళ్ళు కూర్చుని కొబ్బరిచెట్లు చూడసాగారు. తాతయ్య వెనక్కి తిరిగాడు.

"చెట్లు తర్వాత చూద్దురుగాని, ముందొచ్చి తోయండయ్యా!"